గొయ్యితో సహా

నేను ఒక గుంటను. నవ్వకండి. నాణెం కథ చెబితే వింటారు, తుప్పు పట్టిన సైకిలు చెబితే చెవులు రిక్కించుకుని మరీ వింటారు. గుంట చెబితే వినరా? ఏ వస్తువునైనా చేయాలంటే నాలుగు సరుకులు తెచ్చి కలపాలి. నన్ను చేయడానికి ఉన్న మట్టి తీసి అవతల పోశారు, అంతే. మూడడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. లోతు మాత్రం ఇప్పుడే చెప్పను. నా కథంతా ఆ లోతు గురించే.

మా జాతంటే మనుషులకు మొదటి నుంచీ చిన్నచూపే. ఒకడు ఇంకొకడికి ద్రోహం చేస్తే గోతులు తవ్వాడంటారు. అత్యాశకు పోయి చెడిపోతే గోతిలో పడ్డానని ఏడుస్తారు. కట్టినదానికి శిలాఫలకం వేస్తారు, రిబ్బను కత్తిరిస్తారు. తవ్వినదాని మీద పేరు చెక్కించుకున్న పెద్దమనిషిని నేనింతవరకు చూడలేదు. పోనీ, నాకేం బాధ లేదు. నేను అన్నం పెట్టే గుంటను. మగ్గం గుంటను.

తెలియని వాళ్లకు చెబుతున్నాను. నేల మీద మగ్గం వేసి, నేసే మనిషి కూర్చునే చోట నన్ను తవ్వుతారు. ఆ మనిషి నా అంచున కూర్చుని కాళ్లు నాలోకి దించుతుంది. నా అడుగున రెండు చెక్కలుంటాయి. ఒకటి తొక్కితే సగం దారాలు పైకి లేస్తాయి, రెండోది తొక్కితే మిగతా సగం. ఆ సందులోంచి పోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. చీర పైన పుడుతుంది గానీ తొక్కుడంతా నాలోనే. అందుకే మనుషుల్ని నేను పాదాలతో గుర్తుపడతాను. ముఖం అబద్ధమాడితే ఆడుతుందేమో, మడమకు ఆ విద్య రాదు.

మాది గంగాలపేట, సముద్రం ఒడ్డు. నాకు ముందు మా పెద్దది ఒకటుండేది, పాత వీధిలో, లోవరాజు ఇంట్లో. లోవరాజు తండ్రి కాళ్ల కొలతకు తవ్విన గుంట అది. కొడుక్కీ అవే పొడుగు కాళ్లు వచ్చాయి కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఒక గాలివానకు గోడ కూలి అతని తుంటి మీద పడింది. నెల రోజులు మంచంలో ఉండి లేచాడు గానీ చెక్క తొక్కే బలం మళ్లీ రాలేదు. అప్పటి నుంచి అతను రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టడం, అతని భార్య నూకరత్నం మగ్గం మీద కూర్చోవడం.

నూకరత్నం పొట్టి మనిషి. ఆమె కాళ్లు చెక్కలకు అందేవి కావు. అంచు మీదికి జరిగి, వేళ్ల కొసలతో తొక్కేది. చెక్కల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచి చూశారు, తడికి ఇటుకలు జారిపోయేవి. అలా ఆరేళ్లు నేసింది. పొద్దుగూకేసరికి నడుము పట్టేసి, గోడ పట్టుకుని లేచేది. ఒక్కనాడైనా "గుంట లోతైపోయింది" అనలేదట. "నా కాళ్లు పొట్టివి" అనుకుందట. మనుషుల్లో ఈ వింత నాకెప్పటికీ అర్థం కాదు. చెప్పు కరిస్తే చెప్పును తిట్టరు, పాదాన్ని తిట్టుకుంటారు.

సముద్రం ఏడాదికో ఇల్లు చొప్పున తింటూ వచ్చి, ఒక తుపానులో ఆకలి ఆగక వీధంతా మింగేసింది. మా పెద్దదీ దాంతోపాటే పోయింది. ఊరికి లోపలగా సర్కారు స్థలమిచ్చి, నలభై నేత కుటుంబాలకు ఇళ్లన్నారు. ఆ ఇళ్లు గీసే పని వైదేహి గారనే ఆర్కిటెక్టు చేతికొచ్చింది.

వైదేహి గారు స్కూటరు మీద వచ్చి, చుట్టిన కాగితాలేవీ విప్పకుండా, పది బస్తాల ముగ్గు తెప్పించారు. "కాగితం మీద చూపిస్తే అందరూ బాగుందండీ అంటారు. ఆ మాట నమ్మి ఇదివరకు రెండు ఊళ్లలో చెడ్డ ఇళ్లు కట్టాను. ఈసారి ఇల్లు నేల మీద గీస్తాను, మీరు లోపల తిరిగి చెప్పండి" అన్నారు. ఖాళీ స్థలంలో ముగ్గు పోసి, నిజమైన కొలతతో ఒక ఇల్లు గీశారు. తలుపు ఎక్కడ కావాలో అక్కడ చెప్పులు విడవమన్నారు. ఆడవాళ్లు పొయ్యి చోటు మార్చారు, సముద్రపు గాలికి పొగంతా ఇంట్లోకి కొడుతుందని. ముసలివాళ్లు వీధివైపు అరుగు అడిగారు. వైదేహి గారు చెరిపారు, మళ్లీ పోశారు. మూడు రోజులు ఇదే తంతు. ఆ మూడు రోజుల్లో ఏ ఒక్కరూ గుంట మాటెత్తలేదు.

ఎందుకెత్తుతారు? ఇల్లు ఎలా ఉండాలని అడిగితే, ఇంటికి నేల ఉండాలని ఎవరైనా చెబుతారా? వాళ్లకు ఇల్లంటే గుంట ఉండనే ఉంటుంది, చెప్పేదేముంది? అడిగే ఆవిడకేమో నేతవాళ్ల ఇంట్లో పుట్టిన అనుభవం లేదు. అన్నీ అడిగారు, ఇది అడగాలని తెలియదు. ఇంత మంచి మనుషులంతా కలిసి, ఇంత మర్యాదగా ఒకరి మాట ఒకరు వింటూ, నన్ను శుభ్రంగా మరిచిపోయారు.

మూడో రోజు సాయంత్రం నూకరత్నం అలిసిపోయి ముగ్గు ఇంట్లో, హాలు మధ్యన చతికిలబడింది. కాళ్లు రెండూ బారజాపి, మడమలు ముగ్గు గీత మీద పెట్టింది. మళ్లీ ముడుచుకుంది. మళ్లీ చాపింది.

"ఏమైంది రత్నం గారూ, అలా అవస్థ పడుతున్నారు?" అని అడిగారు వైదేహి గారు.

"మగ్గం ఇక్కడేద్దామనుకున్నానండి. కూర్చుని సూత్తే ఎలాగో ఉంది. నా కాళ్లెక్కడ పెట్టుకోవాలండి?"

నలభై కుటుంబాలూ ఆ ముగ్గు వైపు చూశాయి. నేతసంఘం పెద్ద సింహాద్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. వైదేహి గారు నుదురు కొట్టుకుని, ముగ్గు గిన్నె పక్కన పెట్టి, నూకరత్నం పక్కనే కూలబడ్డారు.

మర్నాడు నలభై ఇళ్లకూ నలభై గుంటలు గీసి తెచ్చారు. అన్నీ ఒకే లోతు. నూకరత్నం ఆ కాగితం చూసి, "అందరికీ ఒకే లోతేంటండి? అందరం ఒక తల్లికే పుట్టామా?" అంది. అప్పుడు మొదలైంది అసలు తమాషా. వైదేహి గారు టేపు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నేసేవాళ్లను బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలి వెనక నుంచి మడమ దాకా కొలిచి, పేరూ తేదీ వేసి ఒక పుస్తకంలో రాసుకున్నారు. ఊళ్లోవాళ్లు ఆవిడకు మోకాళ్ల మేడమని పేరు పెట్టారు. ఆవిడ వినబడనట్టే ఉండి నలభై జతల మోకాళ్లూ కొలిచారు.

నూకరత్నం కొలత పదిహేనంగుళాలు. దానికి చెక్కల ఎత్తు కలిపారు. ఇప్పుడు చెబుతాను వినండి: నా లోతు ఇరవై అంగుళాలు. మా పెద్దదాని కన్నా ఆరంగుళాలు తక్కువ. మొదటి గునపం పోటు నూకరత్నమే వేసింది. లోపల ఇటుకలు పేర్చి సున్నం పూశారు, కండెలు పెట్టుకోవడానికి పక్కన చిన్న గూడు కట్టారు. అది ఆరాక ఆమె వచ్చి కూర్చుని, కాళ్లు దించింది. రెండు మడమలూ నిండుగా చెక్క మీద ఆనాయి. ఒకసారి ఎత్తి, మళ్లీ ఆనించింది.

"ఏమయ్యా, అందుతున్నాయి" అంది మెల్లిగా.

"ఏంటే అందేది?" అన్నాడు లోవరాజు రాట్నం దగ్గర నుంచి.

"కాళ్లు."

పెళ్లినాడు తొడుక్కున్న జాకెట్టు కూడా వాళ్ల అక్కదేనట. ఈ లోకంలో ఆమె కొలత తీసుకుని చేసినదంటూ నేనొక్కదాన్నే. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు గానీ, రోజూ పని ముగించి లేచేటప్పుడు నా అంచును కొంగుతో తుడిచేది.

ఇళ్లు పూర్తయ్యాయి. పట్టాలిచ్చే ముందు తనిఖీకి ఇంజనీరు గారొచ్చారు. బూట్లు విప్పకుండానే హాల్లోకి నడిచారు కాబట్టి ఆయనెలాంటి మనిషో నాకు తెలియలేదు.

"ఇదేంటి, హాలు మధ్యన గొయ్యి?"

"మగ్గం గుంటండి. వీళ్లు నేతవాళ్లు" అన్నారు వైదేహి గారు.

"అవన్నీ నాకు తెలియవు మేడమ్. మంజూరైన నమూనాలో హాలంటే చదునైన గచ్చు. పసిపిల్లలు పడితే ఎవరిది బాధ్యత? వారం టైమిస్తున్నాను, పూడ్పించండి. మళ్లీ వచ్చి ప్రతి ఇంటికీ ఫొటో తీస్తాను. గచ్చు చదునుగా ఉంటే సంతకం. లేకపోతే ఆ ఇంటికి పట్టా రాదు."

ఆయన్ని చెడ్డవాడంటే నాకే పాపం చుట్టుకుంటుంది. ఆయన దగ్గరో కాగితముంది. అందులో పడకగదికో గడి, వంటగదికో గడి, మరుగుదొడ్డికో గడి ఉన్నాయి. నాకు గడి లేదు. గడి లేనిది లోకంలో లేదని ఆయన నమ్మకం.

ఉపాయం సింహాద్రి చెప్పాడు. ఇసుకకేం కరువు, సముద్రం ఒడ్డున ఉన్నాం. గుంటల్లో ఇసుక పోసి పైన పల్చగా సిమెంటు పూస్తే సరి, ఇంజనీరు ఫొటో తీసుకుని పోతాడు, ఆ సాయంత్రమే పెచ్చు లేపి ఇసుక తోడేసుకోవచ్చు. పామూ చావదు, కర్రా విరగదు. ఊరంతా భేష్ అంది. రెండు రోజుల్లో ముప్పై తొమ్మిది గుంటలు పూడిపోయాయి. లోవరాజు కూడా కుంటుకుంటూ రెండు తట్టల ఇసుక తెచ్చి నా పక్కన దించాడు.

"తీసెయ్యి" అంది నూకరత్నం.

"ఒక్కపూట యవ్వారమే. ఆయనెల్లిపోయాక తోడేద్దాం."

"తోడుతాం, బానే ఉంది. కాయితంలో మాత్రం గుంట లేని ఇల్లని పడిపోద్ది. గుంట లేనింట్లో మగ్గమేంటి, మగ్గం లేనమ్మ నేతమనిషేంటి? రేపు ఎవరడిగినా ఏం సూపిత్తావు?"

"పంతానికి పోయి ఇల్లు పోగొడతావా రత్నం? మళ్లీ సముద్రం ఒడ్డున గుడిసేసుకుందామా?"

ఆమె మగ్గం మీదికి వంగి నాడె అందుకుంది. భయం లేదనుకోకండి. నా అంచున కూర్చుని ఉంది కదా, నాకు తెలుసు.

ఆఖరికి వైదేహి గారు కూడా వచ్చారు. ఆవిడ ముఖం నేను చూడలేదు గానీ, ఆ పాదాలు లోపలికి రావడానికి ఇష్టపడలేదు. "రత్నం గారూ, నాకు నలభై సంతకాలు కావాలి. ఈ ఒక్కసారికి ఇసుక పోయించండి. నేను దగ్గరుండి తీయిస్తాను" అన్నారు.

"మీరే కదండీ నా మోకాలు కొలిచింది" అంది నూకరత్నం. "మీరు పొయ్యమంటే పోత్తాను. మీ సేత్తో పొయ్యండి."

తట్ట అక్కడే ఉంది. వైదేహి గారు దాని వైపు చూసి, "నాకు బుద్ధి లేదు" అని వెళ్లిపోయారు. మర్నాడు ఆ ఇసుక తట్టలు లోవరాజే బయట పారబోశాడు. భార్య మీద కోపం మాత్రం తగ్గలేదు, రెండు రోజులు ఆమెకు కండెలు చుట్టివ్వలేదు. ఆమె తనే చుట్టుకుంది.

ఫొటోల రోజు నూకరత్నం పొద్దున్నే తలస్నానం చేసి, పసుపు రాసుకుని, మగ్గం మీద కూర్చుంది. ఇంజనీరు గారు ముప్పై తొమ్మిది చదునైన గచ్చులు ఫొటో తీసుకుని మా గుమ్మంలోకొచ్చి ఆగిపోయారు. నాడె ఆడుతూనే ఉంది.

"లేవమ్మా, ఫొటో తీయాలి."

"తీయండి బాబూ. నేనేం అడ్డం?"

"గచ్చు కనబడాలి."

"ఇదే గచ్చండి. నేను కూర్చునే గచ్చు."

"చూడమ్మా, నేను రిమార్కు రాయాల్సి వస్తుంది. నీకు పట్టా ఆగిపోతుంది. నీ మంచికే చెబుతున్నాను."

"రాయండి బాబూ. ఉన్నదున్నట్టు రాయండి."

పైన మాట నిబ్బరంగానే ఉంది. నాలో మాత్రం ఆమె ఎడమ కాలు గజగజ వణుకుతోంది. ఆ సంగతి నాకూ చెక్కకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ వణుకుతోనే తొక్కింది. నాకప్పుడు ఎంత పౌరుషమొచ్చిందో చెప్పలేను. నోరుంటే అక్కడే అరిచేదాన్ని, పూడిస్తే మా ఇద్దర్నీ కలిపి పూడ్చమని.

ఇంజనీరు గారు విసుక్కుని, మోకాళ్ల దాకా నేలలో ఉన్న ఆమెను అలాగే ఫొటో తీసుకున్నారు. నిలబడ్డచోటే కాగితం మీద గీకి, ఒక నకలు లోవరాజు చేతిలో పెట్టి పోయారు. లోవరాజు చదివాడు: "ఇల్లు నెంబరు పదిహేడు. హాలునందు ఇటుక కట్టుబడితో గొయ్యి కలదు. నేత పని నిమిత్తం వాడుచున్నారు. పూడ్చుటకు లబ్ధిదారు నిరాకరించినారు." నూకరత్నం ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, నా గూట్లో కండెల వెనక దాచింది.

పందిరి వేసి, మైకు పెట్టి పట్టాలు పంచారు. పేరు పేరునా పిలిచారు. పదహారు తర్వాత పద్దెనిమిది పిలిచారు. నూకరత్నం మూడో వరసలో కూర్చుని చివరి దాకా చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి మగ్గమెక్కింది. ఆ రోజు చెక్కలు మామూలు కన్నా గట్టిగా తొక్కింది, అంతే. ఊళ్లో మాత్రం "రత్నం తన గోతిలో తనే పడింది" అని ఒక సామెత పుట్టింది. దాన్ని పుట్టించినవాడు సింహాద్రి. మిగతా ముప్పై తొమ్మిది ఇళ్లలో ఇసుక తోడేసి, ఎవరి మగ్గం వాళ్లు వేసుకున్నారు.

ఎనిమిది నెలలు గడిచాయి. కొత్త చిరునామాలతో నేతవాళ్లకు కొత్త కార్డులిస్తామన్నారు. కార్డుంటేనే సంఘంలో నూలు. దరఖాస్తులు పట్టుకుని పోతే ఆఫీసులో ఇళ్ల ఫొటోలు తీసి చూశారు. అన్నీ చదునైన గచ్చులు. "ఈ కాలనీలో మగ్గాల్లేవు" అన్నారు. వచ్చి చూడండి, ఆడుతున్నాయని సింహాద్రి మొత్తుకున్నాడు. "అంటే పట్టా తీసుకున్నాక గచ్చు పగలగొట్టి గోతులు తవ్వారా? అది ఇంకా పెద్ద తప్పు. ఇళ్లే రద్దవుతాయి" అన్నారు. గుంట లేదంటే నూలు పోతుంది, ఉందంటే ఇల్లు పోతుంది. అబ్బో, ముప్పై తొమ్మిది మంది తెలివైన వాళ్లు ఒక్క తట్ట ఇసుకలో ఎలా కూరుకుపోయారో చూడండి.

సింహాద్రి పాదాలు మా గడప అవతలే ఆగిపోయాయి. "రత్నమ్మా, ఆ రోజు ఇంజనీరు నీకేదో కాయితమిచ్చాడు కదా" అన్నాడు. నూకరత్నం నా గూట్లో చెయ్యి పెట్టి తీసింది. లోవరాజు చదివాడు.

"మళ్లీ సదువు" అన్నాడు సింహాద్రి.

"నేత పని నిమిత్తం వాడుచున్నారు."

కాలనీ మొత్తానికి, తనిఖీ నాటికే గుంట ఉందని సర్కారు చేత్తో రాసిన ముక్క అదొక్కటే. ఆమెను శిక్షించడానికి రాసిన ముక్క. సింహాద్రి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. నూకరత్నం ఒక్క దెప్పుడు మాటైనా అంటుందేమోనని ఎదురుచూశాను. నేనైతే అనకుండా వదిలేదాన్ని కాదు. ఆమె "మంచినీళ్లు తాగుతావా బావా?" అంది.

మర్నాడు ముప్పై తొమ్మిది మందీ ఆఫీసు ముందు కూర్చున్నారు. ఇసుక పోసింది మేమే, మా ఇళ్ల మీద కూడా ఇదే రిమార్కు రాయండని. తమ పేరు మీద మచ్చ వెయ్యమని అర్జీ పెట్టుకున్న జనాన్ని ఆ ఆఫీసు అంతకు ముందు చూసి ఉండదు. వైదేహి గారు మోకాళ్ల పుస్తకం పట్టుకొచ్చి, తేదీలు చూపించి, "ఇవి నేను గీసిన గుంటలు. పూడ్చమని చెప్పబోయిన తప్పు కూడా నాదే, అది కూడా రాసుకోండి" అన్నారు.

ఆఫీసు పంపితే ఇంజనీరు గారు టేపుతో మళ్లీ వచ్చారు. ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి గుంటలో కూర్చుని నేస్తూ ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. ఆయన గుంట లోతు కొలిచి, పుస్తకంలో మోకాలితో సరిచూసుకుని, అదే వాక్యం ముప్పై తొమ్మిది సార్లు రాశారు. ఆఖరికి మా ఇంటికొచ్చారు. హాల్లో పడుగు దారాలు పరిచి ఉండటంతో ఈసారి బూట్లు విప్పక తప్పలేదు. అప్పుడు చూశాను ఆయన పాదం. చిటికెన వేలి మీద కాయ కాసి ఉంది. పాపం, ఆ బూట్లూ ఆయన కొలతవి కావు.

"లేవమంటారా బాబూ?" అంది నూకరత్నం.

"వద్దమ్మా, కూర్చోండి. మీది ముందే రాశాను కదా."

కార్డులొచ్చాయి. ఆ శ్రావణంలో నూకరత్నం పట్టా కూడా వచ్చింది. అందులో ఇంటి కొలతల కింద ఒక వరస ఎక్కువుంది: "హాలునందలి గొయ్యితో సహా." లోవరాజు ఆ వరస రోజుకొకసారి పైకి చదువుతాడు, తనే రాయించినట్టు. చదవనివ్వండి. నాకూ వినడానికి బాగానే ఉంటుంది.

ఇప్పుడు నన్ను చూడటానికి కాలేజీల నుంచి పిల్లలొస్తున్నారు. మొన్న వాళ్లతో ఒక పెద్దమనిషి వచ్చి, నా చుట్టూ రెండుసార్లు తిరిగి మురిసిపోయారు. "దీన్ని భద్రపరచాలమ్మా. పైన గాజు పలక వేసి, లోపల లైటు పెడితే ఎంతో అందంగా ఉంటుంది" అన్నారు.

నూకరత్నం నాడె ఆపలేదు. "గాజు పలకేసేత్తే నా కాళ్లెక్కడ పెట్టుకోవాలండి?" అంది.

ఈసారి ఎడమ కాలు వణకలేదు.